డిస్ట్రాయర్ అమగిరి సర్వీసు చరిత్ర: ఒక కేస్ స్టడీ

1943 ఆగస్టు 2 తెల్లవారుజామున సోలమన్ దీవుల్లోని బ్లాకెట్ జలసంధిలో జపాన్ డిస్ట్రాయర్ (వేగంగా పరుగెత్తే యుద్ధనౌక) అమగిరి చీకట్లో వేగంగా వస్తూ అమెరికా టార్పెడో బోటు పీటీ-109ను గుద్ది రెండు ముక్కలు చేసింది. ఆ బోటు కమాండర్ జాన్ ఎఫ్. కెనెడీ. అప్పటికి అతనికి 26 ఏళ్లు. 1960లో అతను అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాక ఆ సంఘటన ప్రపంచమంతా చదివిన కథ అయింది. అమగిరి గురించి ఎక్కడ వెతికినా ముందు అదే కనిపిస్తుంది. చాలా చోట్ల అదొక్కటే కనిపిస్తుంది.

నేను ఓడల్లో ఇంజినీరుగా పనిచేసినవాణ్ణి. ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి నౌకల సర్వీసు చరిత్రలు కూరుస్తుంటాను. ఏ ఓడ ఏ రోజు ఎక్కడుంది, ఏ పని మీద ఉంది, ఎక్కడ దెబ్బతింది, చివరికి ఎలా పోయింది అన్నదే ఈ పని. అమగిరి ఫైలు తెరవడానికి కెనెడీ కారణం కాదు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డ రోజున ఈ డిస్ట్రాయర్ బంగాళాఖాతంలోనే ఉంది. అక్కడ పట్టుకుని ముందుకీ వెనక్కీ వెళ్లాను. వెళ్లేకొద్దీ ఒక విషయం తేటతెల్లమైంది. శత్రు నౌకాదళం మీద టార్పెడోలతో విరుచుకుపడటానికి కట్టిన ఓడ ఇది. యుద్ధంలో దీనికి పడిన పని మాత్రం సైనికుల్నీ సరుకుల్నీ మోయడం, మోసే ఓడలకు కాపలా కాయడం. దాని గాయాలన్నీ ఆ పనిలోనే తగిలాయి, ప్రాణం కూడా ఆ పనిలోనే పోయింది.

గడియారాల సంగతి

వివరాల్లోకి వెళ్లే ముందు, ఈ పనిలో కొత్తవాళ్లను బాగా తికమకపెట్టే సంగతి ఒకటి చెప్పాలి. జపాన్ నౌకాదళం ఏ సముద్రంలో ఉన్నా టోక్యో సమయమే రాసుకునేది. సోలమన్ దీవుల దగ్గర అమెరికన్లు రాసిన సమయం దానికంటే 2 గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి జరిగే పోరాటాల్లో ఈ తేడా వల్ల తేదీయే మారిపోతుంది. 1943 నవంబరులో సెయింట్ జార్జ్ అగ్రం దగ్గర జరిగిన పోరాటం అమెరికన్ల లెక్కలో 25వ తేదీ తెల్లవారుజామున మొదలైంది. అదే క్షణానికి టోక్యో గడియారంలో 24వ తేదీ రాత్రి ఇంకా ముగియలేదు. రెండు పట్టికల్లో రెండు తేదీలు కనిపిస్తే ఎవరో తప్పు రాశారని కొట్టేయకూడదు. ముందు ఎవరి గడియారమో చూడాలి. ఆ తర్వాతే రెండు వైపుల కథనాల్నీ పక్కపక్కన పెట్టాలి.

ఓడ

అమగిరి ఫుబుకి తరగతి డిస్ట్రాయర్. టోక్యోలోని ఇషికవాజిమా యార్డులో 1928 నవంబరులో పని మొదలై, 1930 ఫిబ్రవరిలో నీళ్లలోకి దిగి, అదే ఏడాది నవంబరు 10న సర్వీసులో చేరింది. పొడవు 118 మీటర్ల పైచిలుకు, వెడల్పు 10 మీటర్ల పైచిలుకు. 4 బాయిలర్లు, ప్రొపెల్లర్లను తిప్పే షాఫ్టులు 2, 50,000 హార్స్‌పవర్. జంట తుపాకుల టర్రెట్లు 3, అంటే 127 మిల్లీమీటర్ల తుపాకులు 6. 610 మిల్లీమీటర్ల టార్పెడో ట్యూబులు 9. ఆ కాలానికి ఏ దేశపు డిస్ట్రాయర్ దగ్గరా ఇంత బలం లేదు. ఫుబుకిలు వచ్చాక మిగతా నౌకాదళాలు తమ డిజైన్లను మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

ఆ బలానికి మూల్యం ఓడ దేహంపై పడింది. తేలికైన దేహం మీద అంత బరువు పెట్టడం ఎంత ప్రమాదమో 1935 సెప్టెంబరులో టైఫూన్‌లో చిక్కుకున్నప్పుడు తెలిసొచ్చింది. అమగిరి తోటి ఓడలైన హత్సుయుకి, యుగిరిలకు ముందుభాగం పూర్తిగా విరిగి ఊడిపోయింది. ఆ దెబ్బతో ఈ తరగతి ఓడలన్నింటికీ దేహం గట్టిపరిచారు. దాంతో బరువు పెరిగింది, 38 నాట్ల (గంటకు సుమారు 70 కిలోమీటర్ల) అసలు వేగం కొంత తగ్గింది. పీటీ-109 కథలో అమగిరి 40 నాట్లతో వచ్చిందని రాసే చోట్ల ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 13 ఏళ్ల వయసున్న, బరువు పెరిగిన ఓడ అంత వేగం అందుకోదు.

యుద్ధం మొదలయ్యేనాటికి అమగిరి 20వ డిస్ట్రాయర్ డివిజన్‌లో ఉంది. డివిజన్‌లో మిగతావి అసగిరి, యుగిరి, షిరకుమో. ఈ కేసులో ఈ నాలుగింటినీ కలిపి చూడాలి. ఒకే తరగతి ఓడలు, ఒకే జట్టు, చాలావరకు ఒకే రకం పని.

మలయా నుంచి బంగాళాఖాతం దాకా

1941 డిసెంబరులో హైనాన్ దీవి నుంచి బయల్దేరి మలయాలో సైన్యం దిగడానికి కాపలా కాసింది. 1942 జనవరి 27న మలయా తూర్పు తీరంలోని ఎండావ్ దగ్గర బ్రిటిష్ డిస్ట్రాయర్ థానెట్, ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ వాంపైర్ రాత్రివేళ జపాన్ కాన్వాయ్ (కాపలాతో కలిసి సాగే ఓడల గుంపు) మీద పడ్డాయి. క్రూజర్ సెండాయ్‌తో పాటు తిరగబడిన డిస్ట్రాయర్లలో అమగిరి ఒకటి. థానెట్ మునిగింది, వాంపైర్ తప్పించుకుంది. ఆ తర్వాత సుమత్రా దాడులకూ, మార్చిలో అండమాన్ దీవుల ఆక్రమణకూ కాపలా కాసింది. పోర్ట్ బ్లెయిర్ మార్చి 23న జపాన్ చేతికి పోయింది.

ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ వైస్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలోకి దిగి మూడు గుంపులుగా విడిపోయింది. మధ్య గుంపులో విమానవాహక నౌక ర్యూజో, క్రూజర్ చోకాయ్, వాటితో యుగిరి. ఉత్తర గుంపులో క్రూజర్లు కుమనో, సుజుయాలతో షిరకుమో. దక్షిణ గుంపులో క్రూజర్లు మికుమా, మోగమిలతో అమగిరి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవి ర్యూజో విమానాలు. ఆ రోజు గురించి మన దగ్గర ఎప్పుడు చెప్పుకున్నా మాట విమానాల దగ్గరే ఆగిపోతుంది. తీరంలో జరిగిన నష్టం తక్కువే. అసలు నష్టం సముద్రం మీద జరిగింది. ఒజావా దళం ఆ కొద్ది రోజుల్లోనే 20కి పైగా వాణిజ్య నౌకల్ని ముంచింది. మొత్తం లక్ష టన్నులు దాటింది.

అమగిరి గుంపుకు దొరికిన ఓడల్లో డార్డానస్, గాండారా, ఇండోరా ఉన్నాయి. డార్డానస్ అంతకుముందే విమాన బాంబులకు దెబ్బతిని కదల్లేని స్థితిలో ఉంటే గాండారా దాన్ని లాక్కెళుతోంది. అలాంటి సమయంలో క్రూజర్లూ డిస్ట్రాయరూ ఎదురుపడితే ఆ రెండింటికీ తప్పించుకునే దారి ఎక్కడుంది? గాండారా, ఇండోరా బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు. ఆ కంపెనీ ఓడల్లో డెక్ మీదా ఇంజిన్ రూములోనూ పనిచేసింది ఎక్కువగా లాస్కర్లు అని పిలిచే మన దేశపు నావికులే. ఏప్రిల్ 6 గురించి మన తీరంలో రాసేవాళ్లు బాంబుల లెక్కతో పాటు ఈ నావికుల లెక్క కూడా రాయాలని నా గట్టి అభిప్రాయం. వాళ్ల చావు కూడా ఆ దాడిలో భాగమే.

విశాఖ, మద్రాసుల నుంచి వేలాదిగా జనం ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. తీరం మీద జపాన్ సైన్యం దిగుతుందన్న భయం అలాంటిది. ఒజావా దళానికి మాత్రం సైన్యాన్ని దింపే పని లేదు. ఆ డిస్ట్రాయర్ల మీద ఉన్న ఆదేశం సరుకు ఓడల్ని వేటాడటం. ఏప్రిల్ మధ్యకల్లా అమగిరి సింగపూర్ మీదుగా జపాన్‌లోని కురే రేవుకు తిరుగుముఖం పట్టింది. అదే ఏడాది వేసవిలో హిందూ మహాసముద్రంలో మరో దాడి కోసం దాన్ని బర్మా తీరంలోని మెర్గుయ్ వైపు పంపారు. కానీ ఆగస్టులో అమెరికన్లు సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో దిగడంతో ఆ ఆలోచన రద్దయింది.

ఆగస్టు 28

గ్వాడల్‌కెనాల్ దీవిలోని హెండర్సన్ విమానాశ్రయం అమెరికన్ల చేతిలో ఉంది. నెమ్మదిగా నడిచే రవాణా ఓడలు పగలు ఆ దీవిని సమీపిస్తే విమానాలు వదలవు. కాబట్టి వేగంగా పరుగెత్తే డిస్ట్రాయర్లలో సైనికుల్ని ఎక్కించి, చీకటి పడ్డాక దింపి, తెల్లారేలోపు విమానాలకు అందనంత దూరం వెళ్లిపోవాలి. అమెరికన్లు దీన్ని టోక్యో ఎక్స్‌ప్రెస్ అన్నారు. ఈ పద్ధతిలో భద్రత అంతా టైమ్‌టేబుల్ మీదే నిలబడి ఉంటుంది.

1942 ఆగస్టు 28న ఆ టైమ్‌టేబుల్ తప్పింది. గ్వాడల్‌కెనాల్‌కు పంపిన కవాగుచి దళం సైనికుల్ని మోస్తున్న 20వ డివిజన్ ఓడలు చీకటి పడకముందే హెండర్సన్ బాంబర్లకు అందేంత దగ్గరికి వచ్చేశాయి. డైవ్ బాంబర్లు విరుచుకుపడ్డాయి. అసగిరి టార్పెడో ట్యూబుల దగ్గర బాంబు పడి పేలిపోయింది. డివిజన్ కమాండర్ చనిపోయాడు. యుగిరి దెబ్బతింది. షిరకుమో ఇంజిన్లు ఆగిపోయి అక్కడే నిలిచిపోయింది. దెబ్బతగలని అమగిరి షిరకుమోకు తాడు కట్టి జపాన్ స్థావరమైన షార్ట్‌లాండ్ దాకా లాక్కెళ్లింది.

శత్రు విమానాలకు అందే నీళ్లలో, కదల్లేని తోటి ఓడను కట్టుకుని, నడక వేగంతో పోవడం ఎంత తెగువో ఓడల్లో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. ఇంకో ఓడను కట్టి లాగుతున్న ఓడ చప్పున పక్కకు తిరగలేదు, వేగం పెంచలేదు. మళ్లీ విమానాలు వస్తే రెండూ పోయేవి. అమగిరి సర్వీసులో అత్యంత గొప్ప రోజు ఏదని అడిగితే నేను ఈ రోజునే చూపిస్తాను.

నాలుగు ఓడల డివిజన్ ఒక్క సాయంత్రంలో డివిజన్‌గా పనికిరాకుండా పోయింది. తర్వాత అమగిరి 11వ డివిజన్‌లో కలిసింది.

కులా గల్ఫ్

1943 జులై 5-6 రాత్రి. సోలమన్ దీవుల్లోని కొలొంబాంగరా దీవిలో ఉన్న విలాకు సైనికుల్ని చేరవేస్తున్న 10 డిస్ట్రాయర్ల దళంలో అమగిరి రవాణా గుంపులో ఉంది. అమెరికన్ దళంతో జరిగిన పోరులో జపాన్ వైపు కమాండర్ రియర్ అడ్మిరల్ అకియామా ఉన్న నీజుకి మునిగింది. జపాన్ టార్పెడోలు అమెరికన్ క్రూజర్ హెలెనాను ముంచాయి.

తెల్లవారబోతున్న వేళ అమగిరి నీజుకి మనుషుల్ని వెతుకుతూ వెనక్కి వచ్చింది. అదే నీళ్లలో అమెరికన్ డిస్ట్రాయర్లు నికొలస్, రాడ్‌ఫర్డ్ హెలెనా మనుషుల్ని పైకి లాగుతున్నాయి. మూడు ఓడలూ నీళ్లలో ఉన్న తమవాళ్ల కోసం వచ్చినవే. అయినా ఒకదాన్నొకటి చూడగానే టార్పెడోలూ తుపాకులూ పేలాయి. అమగిరికి మధ్యభాగంలో గుండ్లు తగిలి కొందరు నావికులు చనిపోయారు. అది పొగ వదిలి వెనుదిరిగింది. నీజుకి మనుషులు నీళ్లలోనే మిగిలిపోయారు. వాళ్లలో దాదాపు ఎవరూ బతకలేదు. ఈ ఫైలులో నన్ను బాగా కలచివేసిన ఘట్టం ఇదే.

బ్లాకెట్ జలసంధి

నెల తిరక్కముందే అమగిరి మళ్లీ అదే దారిలో ఉంది. ఆగస్టు 1 రాత్రి హగికజే, అరాషి, షిగురే సుమారు 900 మంది సైనికుల్నీ సరుకుల్నీ విలాకు తెచ్చాయి. అమగిరి వాటికి కాపలా. దారిలో 15 పీటీ బోట్లు కాచుకుని ఉన్నాయి. ఆ రాత్రి అవి 30 టార్పెడోలు వేసినా ఒక్కటీ తగల్లేదు. తిరుగు ప్రయాణంలో స్థానిక సమయం సుమారు 2:30కి ఢీకొట్టడం జరిగింది.

పీటీ-109 సుమారు 24 మీటర్ల చెక్క బోటు. పైన తిరిగే జపాన్ విమానాలకు తెల్లని నురుగు కనబడకూడదని మూడు ఇంజిన్లలో ఒక్కదాన్నే నడుపుతూ నెమ్మదిగా కదులుతోంది. అమగిరి కమాండర్ హనామి కోహెయి తానే కావాలని గుద్దించానని తర్వాత చెప్పాడు. ఓడ మీద ఉన్న డివిజన్ కమాండర్ యమషిరో మాత్రం, తప్పించుకోవడానికి ఓడను తిప్పమన్నానని అన్నాడు. దీని మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది.

ఇంజినీరుగా నేను దీన్ని ఇలా చూస్తాను. 30 నాట్లంటే సెకనుకు 15 మీటర్లు. ఆ చీకట్లో బోటు 500 మీటర్ల దూరంలో కనిపించిందనుకుంటే చేతిలో ఉన్నది అర నిమిషమే. చూసినవాడు అరవాలి, ఆదేశం రావాలి, చుక్కాని తిరగాలి, ఆ తర్వాత 118 మీటర్ల ఓడ తల మళ్లాలి. ఎవరు ఏ ఆదేశం ఇచ్చినా ఆ వ్యవధిలో ఓడ ముక్కు కొంచెమే పక్కకు జరుగుతుంది. ఒకే బ్రిడ్జి మీద ఇద్దరు అధికారులు వేర్వేరు మాటలు చెప్పి ఉండవచ్చు, ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. నా రికార్డులో మాత్రం "ఢీకొట్టింది" అని రాసి, ఉద్దేశం దగ్గర ఇద్దరి మాటలూ ఉంచాను.

బోటు మీద 13 మంది. ఇద్దరు అక్కడే పోయారు. మిగతా 11 మంది ఈదుకుంటూ దగ్గర్లోని దీవికి చేరారు. గాయపడిన నావికుణ్ణి కెనెడీ లైఫ్ జాకెట్ పట్టీని పళ్లతో పట్టుకుని లాక్కెళ్లాడు. వాళ్లను కనిపెట్టింది స్థానిక యువకులు బియుకు గాసా, ఎరోని కుమానా. కొబ్బరికాయ పెంకు మీద చెక్కిన సందేశాన్ని శత్రు నీళ్ల మీదుగా పడవలో చేరవేసింది వాళ్లే. ఆగస్టు 8న బోటు సిబ్బందిని కాపాడారు. 1952లో హనామి కెనెడీకి ఉత్తరం రాశాడు, కెనెడీ తన సంతకంతో ఫోటో పంపాడు.

అమగిరి సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది కూడా దెబ్బతింది. ప్రొపెల్లర్ రెక్క వంగి, వేగం పెంచితే ఓడంతా వణికింది. 24 నాట్లకు తగ్గించుకుని జపాన్ స్థావరం రబౌల్ చేరింది. రెక్క వంగితే తోపుడు సమంగా ఉండదు. ఆ అదురు షాఫ్టు మీదికీ బేరింగుల మీదికీ పాకుతుంది. అలాగే బలవంతంగా పరుగెత్తిస్తే నష్టం ఇంజిన్ రూము దాకా వస్తుంది. వేగమే ప్రాణమైన రాత్రి రవాణాకు అలాంటి ఓడ పనికిరాదు.

ఇప్పుడు ఆగస్టు 6 రాత్రి చూడండి. అదే కొలొంబాంగరాకు మళ్లీ నాలుగు డిస్ట్రాయర్లు బయల్దేరాయి. హగికజే, అరాషి, షిగురే అవే. అమగిరి స్థానంలో కవకజే ఉంది. వెల్లా గల్ఫ్‌లో అమెరికన్ డిస్ట్రాయర్లు రాడార్‌తో ముందే చూసి, తుపాకులు పేల్చకుండా టార్పెడోలు వదిలాయి. హగికజే, అరాషి, కవకజే మూడూ వందలాది సైనికులతో సహా మునిగాయి. షిగురే ఒక్కటే తప్పించుకుంది. అమగిరి ఆ రాత్రి ఆ వరుసలో లేకపోవడానికి వంగిన రెక్కే కారణమని నా అంచనా. అది నిజమైతే, కెనెడీ బోటును ముంచిన దెబ్బే అమగిరికి ఇంకో 8 నెలల ఆయుష్షు ఇచ్చింది.

సెయింట్ జార్జ్ అగ్రం

నవంబరులో బుకా దీవికి సైనికుల్ని చేర్చి, అక్కడి విమానదళం సిబ్బందిని వెనక్కి తేవాల్సిన పని పడింది. ఒనామి, మకినామి కాపలాగా, అమగిరి, యుగిరి, ఉజుకి మనుషుల్ని మోస్తూ వెళ్లాయి. తిరుగు దారిలో అమెరికన్ కెప్టెన్ ఆర్లీ బర్క్ 5 డిస్ట్రాయర్లతో మాటు వేశాడు. మళ్లీ రాడార్, మళ్లీ ముందు టార్పెడోలు. ఒనామి పేలిపోయింది, మకినామి కూడా మునిగింది. మనుషుల్ని మోస్తున్న ఓడలు మూడూ ఉత్తరానికి పరుగెత్తి, తర్వాత వేర్వేరు దిక్కులకు చీలాయి. బర్క్ దళం యుగిరి వెంట పడి ముంచింది. అమగిరి, ఉజుకి బయటపడ్డాయి.

ఇందులో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అంటే అదృష్టానికే ఎక్కువ మార్కులు వేస్తాను. మూడు ఓడల్లో దేన్ని తరమాలో నిర్ణయించింది వెంటాడినవాడు.

మైన్

1943 చివర్లో మరమ్మతులకు జపాన్ వెళ్లి, 1944లో అమగిరి ఓడలకు కాపలా కాసే పనికి తిరిగొచ్చింది. మార్చి 16న హొక్కైడో దగ్గర అమెరికన్ సబ్‌మెరీన్ టాటాగ్ షిరకుమోను టార్పెడోతో ముంచింది. 1942లో అమగిరి అంత తెగించి లాక్కొచ్చి కాపాడిన ఓడలో ఈసారి ఎవరూ మిగల్లేదు. దాంతో పాత 20వ డివిజన్‌లో అమగిరి ఒక్కటే మిగిలింది.

ఏప్రిల్ 23న క్రూజర్లతో కలిసి సింగపూర్ నుంచి ఫిలిప్పీన్స్‌లోని దావావో వెళుతూ, మకాసర్ జలసంధిలో బోర్నియో తీరంలోని బాలిక్‌పాపన్‌కు దక్షిణంగా 55 నాటికల్ మైళ్ల దూరంలో అమగిరి మైన్ (నీళ్లలో పెట్టే మందుపాతర) మీదికి పోయింది. మునగడానికి 2 గంటలకు పైగా పట్టింది కాబట్టి సిబ్బందిలో ఎక్కువమంది బతికారు. జూన్ 10న నౌకాదళ జాబితా నుంచి పేరు తీసేశారు. 2003లో డైవర్లు శిథిలాన్ని కనుగొన్నారు.

బాలిక్‌పాపన్ చమురు రేవు. అక్కడికి వచ్చే ట్యాంకర్ల కోసం 1943 మార్చిలో ఆ నీళ్లలో అమెరికన్లు మైన్లు వేశారు. అమగిరికి తగిలింది వాటిలో ఒకటేనని చరిత్రకారుల నిర్ధారణ. ఏడాదికి పైగా ఆ మైన్ అక్కడే ఉంది. వేసిన సబ్‌మెరీన్ కూడా టాటాగే. అసగిరిని విమానాలు, యుగిరిని డిస్ట్రాయర్లు, షిరకుమోను సబ్‌మెరీన్, అమగిరిని మైన్. ఒకే డివిజన్‌లోని నాలుగు ఓడల పేర్ల పక్కన "మునిగిన కారణం" గడిలో నేను నాలుగు వేర్వేరు కారణాలు రాయాల్సి వచ్చింది. నాలుగూ మోసే పనిలోనో, కాపలా పనిలోనో ఉండగానే పోయాయి.